భోజనం దగ్గర వీణ: మూడేళ్లు విన్నాక నా మాట

ముందే చెప్పేస్తున్నా, పాటలు వింటూ తింటే బరువు తగ్గుతారని ఎవరైనా అంటే నమ్మకండి. నేను మూడేళ్లుగా రాత్రి భోజనం సంగీతంతోనే చేస్తున్నాను. లాభం ఉంది, చాలా ఉంది, కానీ ఆ రకం లాభం కాదు. మొదటి రెండు నెలల్లో అయితే కిలోన్నర పెరిగాను.

2022లో రక్తపరీక్ష చేయిస్తే హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే లెక్క, 6.2 వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు షుగర్‌కి ముందు దశ అంటారు కదా, అందులో ఉన్నానన్నమాట. అప్పట్లో నా రాత్రి భోజనం అంటే ఎదురుగా టీవీలో చర్చ, ఎడమ చేతిలో ఫోన్, ఎనిమిది నిమిషాల్లో కంచం ఖాళీ. ఏం కూర తిన్నానో కూడా గుర్తుండేది కాదు. "మెల్లగా తినరా, బండేమన్నా వెళ్లిపోతోందా" అని అమ్మ ఎన్నిసార్లు అందో! టీవీ కట్టేసి చూశాను, ఇల్లంతా నిశ్శబ్దం, చెయ్యి మళ్లీ ఫోన్ మీదికే పోయేది. అందుకని 1,800 రూపాయలు పెట్టి ఒక చిన్న స్పీకర్ కొని భోజనాల బల్ల మీద పెట్టాను.

మొదట హుషారైన సినిమా పాటలు పెట్టాను, అది తప్పు. దరువు జోరుగా ఉంటే ముద్ద కూడా అదే జోరుగా నోట్లోకి వెళ్తుంది, నమలడం సగంలోనే ఆగిపోతుంది. తర్వాత నాదస్వరం. అమ్మది ఒంగోలు దగ్గర ఊరు, షేక్ చినమౌలానా పుట్టిన కరవది అక్కడికి దగ్గరే, ఆయన నాదస్వరం అంటే మా ఇంట్లో అందరికీ ప్రాణం. కానీ నాదస్వరం చెవిన పడగానే పెళ్లి పందిరి, అరిటాకు, పులిహోర కళ్ల ముందుకొస్తాయి. మామూలు పప్పన్నం కూడా పెళ్లిభోజనం అయిపోయి ఇంకో గరిటె, ఇంకో గరిటె అనిపిస్తుంది. ఆ కిలోన్నర అప్పుడు పెరిగిందే.

ఎందుకిలా అని వెతికితే 2006లో ఆపిటైట్ అనే పత్రికలో వచ్చిన పరిశోధన ఒకటి కనిపించింది. విద్యార్థులు తాము తిన్నదంతా రాసిపెట్టుకుంటే, పాటలు ఉన్న భోజనాలకి ఎక్కువసేపు కూర్చున్నారు, ఎక్కువ కూడా తిన్నారు. పాట వేగానికీ తిండికీ అందులో సంబంధం కనపడలేదట, ఈ ఒక్క విషయంలో నా అనుభవం వేరు. 1986లో మిల్లిమాన్ అనే ఆయన అమెరికాలో ఒక రెస్టారెంట్‌లో చూసింది కూడా ఇలాంటిదే: నెమ్మది సంగీతం పెట్టిన రోజుల్లో జనం సుమారు 56 నిమిషాలు కూర్చుంటే, జోరు సంగీతానికి 45 నిమిషాలే కూర్చున్నారు. తిండి బిల్లు దాదాపు అంతే, మందు బిల్లు మాత్రం పెరిగింది. అంటే సంగీతం మనల్ని కూర్చోబెడుతుంది, కూర్చున్నాక ఎదురుగా ఏముంటే అది తింటాం.

ఇది అర్థమయ్యాక రెండే మార్పులు చేశాను. ఒకటి, అన్నం, కూర ఒకేసారి వడ్డించుకుని గిన్నెలు వంటింట్లో పెట్టేయడం. రెండోది, వీణ ఆలాపన. ఆలాపనలో తాళం ఉండదు కాబట్టి చేతిని తరిమేది ఏమీ ఉండదు, కల్యాణి రాగంలో ఒక స్వరం మీద వీణ అలా నిలబడితే ముద్ద కలపడం కూడా దానంతట అదే నెమ్మదిస్తుంది. ఇప్పుడు నా భోజనం ఇరవై, ఇరవై రెండు నిమిషాలు. కడుపు నిండిన సంగతి మెదడుకి చేరడానికి కూడా సుమారు ఇరవై నిమిషాలు పడుతుందని డాక్టర్లు అంటారు, అది నిజమేనని మజ్జిగ దగ్గరికి వచ్చేసరికి నాకు రోజూ తెలుస్తోంది. పులితేన్పులు, రాత్రి గుండెల్లో మంట పోయాయి, ఈ గొప్ప పూర్తిగా వీణకే ఇస్తాను. హెచ్‌బీఏ1సీ ఇప్పుడు 5.8. దానికి మాత్రం పొద్దున నలభై నిమిషాల నడక, రాత్రి అన్నం తగ్గించడం కూడా కారణాలు.

ఇయర్‌ఫోన్స్ మాత్రం వద్దండి. అమ్మాయికి పదో తరగతి పరీక్షలప్పుడు చప్పుడు లేకుండా ఉండాలని నెల రోజులు అవి పెట్టుకుని తిన్నాను. ఒకరోజు అప్పడం విరిచాను, కరకర అస్సలు వినపడలేదు, అట్టముక్క నమిలినట్టుంది. ఇంకోటి తీసుకున్నాను, అదీ అంతే, చూస్తే నాలుగు అయిపోయాయి. 2016లో అమెరికాలో అచ్చం ఇదే పరీక్షించారు: హెడ్‌ఫోన్స్‌లో గట్టి చప్పుడు విన్నవాళ్లు సగటున 4 ప్రెట్జెల్స్ (కరకరలాడే ఉప్పు బిస్కెట్ల లాంటివి) తింటే, తక్కువ చప్పుడు విన్నవాళ్లు 2.75 తిన్నారు. మన నమిలే చప్పుడు మనకి వినపడాలి, అదే మనకి లెక్క.

స్పీకర్ గురించి అడిగితే, పద్నాలుగు నెలలకే బ్యాటరీ పోయింది, ఇప్పుడు వైరు పెట్టి వాడుతున్నా. ఉచిత యాప్‌లో వింటే ఆలాపన మధ్యలో ఒక్కసారిగా ప్రకటన అరుస్తుంది, ఒళ్లు ఉలిక్కిపడుతుంది, అందుకే నలభై ఆలాపనల దాకా పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాను. సౌండ్ ఎంతంటే, బల్లకి అటువైపు కూర్చున్న అమ్మ మామూలుగా మాట్లాడితే నాకు వినపడాలి, అంతే.

ఆలాపన తర్వాత తానం వస్తుంది, అందులో లయ మొదలవుతుంది, చెయ్యి మళ్లీ వేగం అందుకుంటుంది. ఆ వేళకి కంచంలో మజ్జిగన్నం, మాగాయ ముక్క తప్ప ఇంకేం మిగలకుండా చూసుకుంటాను.