వెండి తీగ నలుపుకి తెల్ల రబ్బరు: మూడేళ్ల వాడకం తర్వాత

వెండి తోమడానికని అమ్మే సరుకేదీ కాదిది. పెన్సిల్ గీతలు చెరిపే మామూలు తెల్ల రబ్బరు. పేరుకి రబ్బరే గానీ నిజానికి అది వినైల్ ప్లాస్టిక్. నా దగ్గర ముదురు రంగు చెక్క పెట్టె ఒకటుంది. మూత మీద మిల్లీమీటరు వెడల్పు కూడా లేని వెండి తీగ పొదిగి ఉంటుంది. పైన వేసిన లక్కర్, అంటే మెరుపు కోసం, రక్షణ కోసం వేసే పూత, చెక్క మీద గట్టిగానే ఉంది, తీగ మీద మాత్రం ఎప్పుడో లేచిపోయింది. అందుకే నలుపు.

ఈ రబ్బరు మీద నాకింత ప్రేమ ఎందుకంటే, ఇది గీత దాటదు. బ్లేడుతో ఏటవాలుగా కోస్తే ఉలి మొనలాంటి అంచు వస్తుంది. ఆ అంచుని తీగ వెంబడే నడిపించాలి. పాలిష్ గుడ్డతో ఆ పని కాదు. వేలి వెడల్పు గుడ్డ తీగతో పాటు చుట్టూ ఉన్న పూతనీ రుద్దేస్తుంది, వెండి నుంచి వచ్చిన నలుపుని చెక్క రంధ్రాల్లోకి పూసేస్తుంది. పాలిష్ పేస్టుదీ ఇదే కథ, కాకపోతే అది తెల్లగా ఇరుక్కుంటుంది. ముదురు చెక్కలో ఆ తెల్ల పొడిని టూత్‌పిక్‌తో తవ్వుతూ కూర్చున్న సాయంత్రాన్ని నేను మర్చిపోలేను. అల్యూమినియం రేకు, వంట సోడా, వేడినీళ్ల చిట్కా వెండి గిన్నెలకి బాగుంటుంది గానీ, చెక్క పెట్టెని నీళ్లలో ముంచుతామా? చెక్క ఉబ్బి, ఆరి, మళ్లీ కుంచించుకుంటే తీగ పైకి తన్నుకొస్తుంది. రబ్బరుతో ఆ తడి గొడవే లేదు. రాలే పొడే నలుపుని మోసుకుపోతుంది, మెత్తటి బ్రష్షుతో దులిపితే సరి. నోటితో ఊదకండి, ఊపిరితో పాటు తుంపర్లూ పడతాయి. ఇంకు చెరిపే గరుకు రబ్బరు అసలే వద్దు, వెండి మీద గీతలు పడతాయి.

ఇక నా కొంప మునిగిన సంగతి. రెండో ఏడాది ఒకరోజు సగం తీగ అయ్యాక ఫోనొచ్చింది. రబ్బరుని మూత మీదే పెట్టి లేచాను. తర్వాత ఏవో పనులు, మళ్లీ ఆ పెట్టె దగ్గరికి వచ్చేసరికి పదకొండు రోజులైంది. తీయబోతే రబ్బరు కదల్లేదు. కాస్త గట్టిగా లాగితే చిన్న చప్పుడుతో ఊడింది, కింద దాని ఆకారంలోనే ఒక అచ్చు. వేలు పెడితే జిగట. ఒక్క క్షణం గుండె ఆగినంత పనైంది. వినైల్‌ని మెత్తగా ఉంచడానికి కలిపే ప్లాస్టిసైజర్ అనే పదార్థం మెల్లగా బయటికి వస్తుందట. అది తగిలితే నైట్రోసెల్యులోజ్ అనే రకం లక్కర్ మెత్తబడిపోతుంది. చిన్నప్పుడు కంపాస్ బాక్సులో ప్లాస్టిక్ స్కేలుకి రబ్బరు అతుక్కుపోయేది, గుర్తుందా? ఇదీ అలాంటిదే. రబ్బరుకి అట్ట తొడుగు ఎందుకు వేస్తారో నాకు ఆ రోజు అర్థమైంది. నేనేమో కోసుకోవడానికి అడ్డమని మొదటిరోజే దాన్ని పారేశాను. ఏదో ఒకటి పూసి సరిచేద్దామని చేతులు దురద పెట్టినా ఆపుకున్నాను. కొన్ని వారాలకి జిగట పోయింది. అచ్చు పోలేదు, వెలుతురు పక్క నుంచి పడితే ఇప్పటికీ కనిపిస్తుంది.

మొదటి ఏడాది అడిగిన వాళ్లకీ అడగని వాళ్లకీ 'రెండు నిమిషాల పని' అని చెప్పుకుంటూ తిరిగాను. అది పసుపు, గోధుమ రంగు దశలో ఉన్న తీగకే నిజం. నల్లగా గట్టిపడ్డాక గంటసేపు రుద్దాను, మణికట్టు పట్టేసింది. తీగ మలుపుల్లో నలుపు ఇంకా అలాగే ఉంది. ఇంకో జాగ్రత్త, తీగ కొస పైకి లేచి ఉంటే రబ్బరు దాన్ని పట్టుకుని పీకగలదు. కొస దగ్గర బయటివైపుకే రుద్దాలి, ఎదురు వెళ్లకూడదు.

ఇప్పుడు ఏడాదికి ఒక్కసారి రుద్దితే చాలుతోంది. నిజం చెప్పాలంటే ఆ ఘనత రబ్బరుది కాదు. పెట్టెని ఉన్ని గుడ్డలో చుట్టి, పైన రబ్బరు బ్యాండు వేసి దాచడమే భద్రమని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఉన్నిలోనూ గంధకమే, బ్యాండు రబ్బరుని గట్టిపరచడానికి కలిపేదీ గంధకమే. వెండిని నల్లబరిచేది కూడా అదే. బ్యాండు ఆనిన చోట తీగ మిగతా దానికంటే నల్లగా, అడ్డచారలా ఉండేది, అయినా నాకు తట్టలేదు! రెండూ తీసేసి, తీగకి గాలి తగలకుండా ఇయర్ బడ్‌తో పలచగా మైక్రోక్రిస్టలైన్ మైనం, అంటే చాలా సన్నటి స్ఫటికాలుండే మైనం, రాశాను. నేను వాడింది రినెసాన్స్ వాక్స్, 1950ల్లో బ్రిటిష్ మ్యూజియం పరిశోధనశాలలో రూపొందినది. అందులోనూ ద్రావకం ఉంటుంది కాబట్టి ముందు పెట్టె అడుగున ఒక మూల రాసి, మర్నాటిదాకా ఆగి చూశాను.

మీరూ వాడొచ్చా అంటే, నాది గట్టి లక్కర్, ముదురు చెక్క, చెక్కడం లేని సాదా తీగ, పైగా ఓపిక ఉన్న ఆదివారాలు. లక్కతో వేసే పాలిష్ వేరు, దాని మీద నేను ప్రయత్నించలేదు. పాతకాలపు విలువైన వస్తువైతే నా మాట పట్టుకుని రుద్దకండి. చెక్కడపు గీతల్లో కావాలనే నలుపు ఉంచిన పని అయితే అసలు ముట్టుకోకపోవడమే మేలు. నా దగ్గరే వెండి పూత పూసిన ఫ్రేము ఒకటుంది. రుద్దిన ప్రతిసారీ ఆ పలచటి పూతలో కొంత పోతుంది. అది నల్లగానే ఉంది, నేను రబ్బరు తాకించలేదు.