తిరుపతి డాబా మీద పరారుణ ఫిల్టర్లు: కొన్నేళ్ళు వాడాక

జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు ఫోటోలు చూసి పరారుణ (ఎరుపుకు అవతల, కంటికి కనిపించని కాంతి) ఫిల్టరు కొనాలనుకుంటున్న వాళ్ళకు ముందే ఒక మాట. మన మేడ మీదికి అందేది ఆ ప్రపంచపు పొలిమేర మాత్రమే. వెబ్ 28,000 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దాటి చూస్తుంది. మన కెమెరాల్లోని సిలికాన్ సెన్సరుకు 1,100 దగ్గరే చూపు ఆగిపోతుంది. అయినా ఆ కాస్త జాగాలో చేయదగ్గ పని చాలానే ఉంది.

నా సరంజామా 8 అంగుళాల అద్దమున్న న్యూటోనియన్ టెలిస్కోపు, సోనీ ఐఎంఎక్స్ 462 సెన్సరున్న చిన్న కెమెరా, 685, 850 నానోమీటర్ల ఫిల్టర్లు. ఫిల్టరు మీద ఉన్న అంకెకు దిగువ తరంగదైర్ఘ్యాలను అది ఆపేస్తుంది, పైవాటిని వదులుతుంది.

ఒక్కటే కొనగలిగితే 685 కొనండి. వేసవిలో పగలంతా కాగిన సిమెంటు డాబా రాత్రి పది దాటినా సెగలు కక్కుతూనే ఉంటుంది. ఆ గాలిలోంచి చూస్తే చంద్రుడి అంచు మరుగుతున్న ఎసరులా కదులుతుంది. 685 బిగిస్తే కదలిక పూర్తిగా పోదు గానీ బాగా నెమ్మదిస్తుంది. కోపర్నికస్ బిలం లోపలి గోడల మెట్లు విడివిడిగా తేలతాయి. తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ గాలి అలజడి ప్రభావం తగ్గడమే కారణం.

మరి 850 ఇంకా మేలు కదా అంటారేమో. నిలకడ మేలే, వివరమే పోతుంది. ఇదే అద్దం 550 నానోమీటర్ల దగ్గర సుమారు 0.7 ఆర్క్‌సెకన్ల (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) వివరాన్ని విడదీస్తే, 850 దగ్గర 1.05తో సరిపెట్టుకోవాలి. కాంతి కూడా తగ్గుతుంది కాబట్టి ఎక్స్‌పోజరు పెంచాలి, పెంచితే గాలి మళ్ళీ చిత్రాన్ని చెరిపేస్తుంది. రాత్రిపూట దాన్ని డబ్బాలోంచి తీసేది తక్కువే.

పగలు మాత్రం 850దే రాజ్యం. గాలి చెదరగొట్టేది ఎక్కువగా నీలికాంతిని కాబట్టి, ఈ ఫిల్టరులో పగటి ఆకాశం దాదాపు నల్లబడుతుంది. సాయంత్రం నాలుగింటికే అర్ధచంద్రుడి బిలాలు తీయవచ్చు. తెల్లవారగానే ఉద్యోగానికి పరుగెత్తేవాళ్ళకు ఇంతకంటే ఏం కావాలి! శుక్రుడిని వెతికేటప్పుడు మాత్రం టెలిస్కోపు గోడ నీడలోనే ఉండాలి. సూర్యుడు పొరపాటున కూడా గొట్టంలోకి రాకూడదు.

వీధుల్లోని తెల్ల ఎల్‌ఈడీ దీపాల కాంతి 700 దాటాక దాదాపు ఉండదు, కాబట్టి ఊరి వెలుగు బెడద తగ్గుతుంది. ఆ ధీమాతో నెబ్యులాల (అంతరిక్షంలోని వాయు మేఘాల) జోలికి వెళ్ళకండి. వాటి ఎర్రని హైడ్రోజన్ కాంతి 656 దగ్గర ఉంటుంది, 685 దాన్నే మొదట ఆపేస్తుంది.

అలిపిరి వైపు ఉండేవాళ్ళకు ఇంకో చిక్కు. మౌంటును, అంటే టెలిస్కోపును మోసే పీఠాన్ని, మామూలుగా ధ్రువ నక్షత్రాన్ని చూసి సరిచేస్తాం. ఇక్కడ ధ్రువ నక్షత్రం క్షితిజం మీద 13 డిగ్రీలకు కాస్త పైన మాత్రమే ఉంటుంది, మా వీధిలో దానికి కొండ అడ్డం. నక్షత్రం పక్కకు జరగడాన్ని గమనిస్తూ మౌంటును సరిచేసుకోవాల్సిందే. గ్రహాలు నడినెత్తికి దగ్గరగా రావడం మాత్రం మన అదృష్టం. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మంచి కాలం. ఈశాన్య రుతుపవనాల తేమలో ఫిల్టర్లను సిలికా జెల్ వేసిన డబ్బాలో పెట్టకపోతే బూజు ఖాయం.

తర్వాతి మెట్టు ఎక్కాలంటే 889 మీథేన్ ఫిల్టరు ఉంది. గురుగ్రహం మీది మీథేన్ ఆ కాంతిని మింగేయడంతో, ఎత్తైన మేఘాలున్న పెద్ద ఎర్ర మచ్చ తెల్లగా మెరుస్తుంది. నా పథకం మాత్రం 1,000 నానోమీటర్ల ఫిల్టరుతో శుక్రుడి చీకటి సగాన్ని పట్టుకోవడం. సుమారు 460 డిగ్రీల వేడిలో ఉన్న ఆ నేల వెలుగు మేఘాలను దాటి వచ్చేది ఆ మేరలోనే. శుక్రుడు సన్నని నెలవంకగా ఉన్న రోజుల్లోనే కుదిరే పని ఇది. 2026 అక్టోబరు 24న శుక్రుడు భూమికీ సూర్యుడికీ మధ్యకు వస్తాడు. సరిగ్గా మన వానల కాలం. అందుకే అక్టోబరును నమ్ముకోకుండా నవంబరు తెల్లవారుజాములను కూడా లెక్కలో వేసుకున్నాను.