హూనిక్స్‌లో టార్ బ్రౌజర్: చాలాకాలం వాడాక నా మాట

మన అడ్రస్ బయటపడకుండా టార్ నెట్‌వర్క్ గుండా సైట్లు తెరిచే టార్ బ్రౌజర్‌ను నేరుగా ల్యాప్‌టాప్‌లో వేసుకుంటే చాలదా, మళ్లీ హూనిక్స్ అనే సిస్టమ్ పెట్టుకుని రెండు వర్చువల్ మెషిన్లు (వీఎంలు, అంటే కంప్యూటర్ లోపలే నడిచే ఉత్తుత్తి కంప్యూటర్లు) ఎందుకు అని అడిగేవాళ్లకు నేను 2013 ఆగస్టు సంగతి చెబుతాను. టార్ బ్రౌజర్‌కు మూలమైన ఫైర్‌ఫాక్స్‌లో ఒక లోపం దొరకబుచ్చుకుని, కొన్ని సైట్లు తెరిచిన విండోస్ కంప్యూటర్ల అసలు ఐపీ అడ్రస్‌నూ (నెట్‌లో దాన్ని గుర్తుపట్టే నంబరు) మ్యాక్ అడ్రస్‌నూ (నెట్‌వర్క్ కార్డు నంబరు) బయటికి లాగేశారు. అక్కడ దెబ్బతిన్నది టార్ నెట్‌వర్క్ కాదు, బ్రౌజరే. అది నడుస్తున్న కంప్యూటర్‌కు సొంత అడ్రస్ తెలుసు కాబట్టి చెప్పేసింది.

హూనిక్స్ పట్టుకున్నది సరిగ్గా ఈ పాయింటునే. గేట్‌వే అనే వీఎం పని టార్‌ను నడపడమే. బ్రౌజర్ ఉండేది వర్క్‌స్టేషన్ అనే రెండో వీఎంలో. ఇది గేట్‌వేతో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడలేదు. వర్క్‌స్టేషన్ టెర్మినల్‌లో ఐపీ అడుగుతే 10.152.152.11 అంటుంది. మామూలు సెటప్‌లో అందరికీ అదే నంబరు. బ్రౌజర్‌లోకి ఎవరైనా చొరబడినా వాళ్లకు చిక్కేది ఆ పనికిరాని అడ్రసే. నమ్మకం లేకపోతే గేట్‌వేను ఆపేసి, వర్క్‌స్టేషన్‌లో ఏదైనా పేజీ రీలోడ్ కొట్టండి. ఏమీ రాదు, దొడ్డిదారీ దొరకదు. కొత్తగా సెటప్ చేసిన ప్రతిసారీ నేను ముందు చేసే పని ఇదే.

వీఎంలు నడిపే ప్రోగ్రాం వర్చువల్‌బాక్స్‌లో హూనిక్స్ పెట్టుకోవడం తేలికే. ఒకే ఫైల్ దింపుకుని, డిజిటల్ సంతకం సరిచూసి, ఇంపోర్ట్ చేస్తే రెండు వీఎంలూ వచ్చేస్తాయి. ముందు గేట్‌వే, తర్వాత వర్క్‌స్టేషన్ ఆన్ చేయాలి.

అసలు తలనొప్పి గడియారంతో. వీఎంను పాజ్ చేసి చాలాసేపటికి తెరిస్తే దాని టైమ్ పాతదగ్గరే ఆగిపోయి ఉంటుంది. టైమ్ బాగా తేడాగా ఉంటే టార్ కనెక్ట్ కాదు. నెట్ పోయిందనుకుని రౌటర్ మీద పడతాం. టైమ్‌ను టార్ గుండానే సరిచేసే ఎస్‌డీడబ్ల్యూడేట్ అనే ప్రోగ్రాం లోపలే ఉంది. ట్రేలో దాని గుర్తు మీద నొక్కి రీస్టార్ట్ చేస్తే చాలాసార్లు దారికొస్తుంది. ఆ గొడవంతా ఎందుకని ఇప్పుడు పాజ్ చేయడమే మానేశాను, పని అయ్యాక షట్‌డౌనే.

తర్వాత, హూనిక్స్‌ను కూడా తనలో నడిపే క్యూబ్స్ ఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు మారాను. కారణం ఒక్కటే: వర్చువల్‌బాక్స్ కింద ఉండే హోస్ట్ సిస్టమ్‌లో (కంప్యూటర్ అసలు ఆపరేటింగ్ సిస్టమ్‌లో) కీలాగర్, అంటే మనం నొక్కే కీలన్నీ రాసుకునే దొంగ ప్రోగ్రాం ఉంటే పైన ఎన్ని వీఎంలు పెట్టినా వృథా. క్యూబ్స్‌లో జెన్ హైపర్‌వైజర్ (వీఎంలను నడిపే అడుగు పొర) మీద అన్నీ విడివిడి వీఎంలే, అన్నిటినీ అదుపు చేసే డామ్‌జీరోకు అసలు నెట్టే ఉండదు. ఏ వీఎం విండోకు ఆ వీఎంకు ఇచ్చిన రంగు అంచు ఉంటుంది కాబట్టి సొంత బ్యాంకు పేజీకీ అజ్ఞాత బ్రౌజర్‌కూ మధ్య పొరపాటు పడే అవకాశం తక్కువ. ఒక వీఎం నుంచి ఇంకోదానికి కాపీ పేస్ట్‌కు కంట్రోల్ షిఫ్ట్ సీ, కంట్రోల్ షిఫ్ట్ వీ అదనంగా నొక్కాలి. మొదట విసుగొస్తుంది, నాలుగు రోజుల్లో వేళ్లకు అలవాటైపోతుంది.

ఖర్చు మాత్రం తక్కువేం కాదు. 16 జీబీ ర్యామ్ లేకుండా క్యూబ్స్ జోలికి వెళ్లొద్దని నా సలహా. వీఎంలకు గ్రాఫిక్స్ కార్డు సాయం అందదు, వీడియో భారమంతా ప్రాసెసర్ మీదే. మూడు రిలేల (టార్ నెట్‌వర్క్‌లోని మధ్య సర్వర్ల) చుట్టూ తిరిగొచ్చే టార్ ఆలస్యం సరేసరి, దానికి తోడు నువ్వు మనిషివేనా అని అడిగే క్యాప్చాలు అడుగడుగునా. వార్తలు చదవడానికీ పాటలు వినడానికీ నేనైతే దీన్ని తెరవను.

ఇంత చేసి, వర్క్‌స్టేషన్‌లో సొంత మెయిల్‌కు లాగిన్ అయ్యేవాళ్లూ ఉన్నారు. ఐపీ దాచి పేరు చెప్పుకున్నట్టు! ఒకే వీఎంలో రెండు మారుపేర్లు నడపడమూ అంతే. నేను ఒక్కో పేరుకు ఒక్కో వర్క్‌స్టేషన్ క్లోన్ (నకలు) పెట్టుకున్నాను. దింపుకున్న పీడీఎఫ్‌లను నెట్ లేని డిస్పోజబుల్ వీఎంలో తెరుస్తాను, విండో మూయగానే ఆ వీఎం కూడా మాయమవుతుంది.