అశోక్ నగర్‌ల అసమానతల ఎకనామిక్స్ వీకెండ్ క్లాస్: జాయిన్ అవ్వాల్నా వద్దా

మెయిన్స్ ప్రిపరేషన్‌ల ఉన్నోళ్లు శానామంది అడుగుతున్నరు కాబట్టి వివరంగ రాస్తున్న. హైదరాబాద్ చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ నుంచి నడిచిపోయే దూరంల, అశోక్ నగర్ సందుల ఉన్న చిన్న ఇన్‌స్టిట్యూట్ ఇది, శని ఆదివారాలు సాయంత్రం మాత్రమే క్లాసులు. కులం, జాతి, ఆడ మగ తేడా, ఓటింగ్, వీటి మీద ఎకనామిస్టులు చేసిన రీసెర్చ్ తీసుకొని తెలుగుల చెప్తరు. కొన్ని కంప్లైంట్లు కూడా చెప్పేది ఉంది, అందుకే పేరు పెడ్తలేను.

ముందు నచ్చింది చెప్త. మిగతా కోచింగ్‌లల అసమానత అనంగనే పాయింట్లు డిక్టేట్ చేస్తరు, మనం రాసుకుంటం, ఎగ్జామ్ల దించుతం, అయిపాయె. ఇక్కడ సార్ ప్రతి టాపిక్‌కి ఒకటే అడుగుతరు, "ఇది నిజమని ఎట్ల తెలిసింది?" అని. వివక్ష ఉందని మనందరికీ తెలుసు గానీ, "ఆ క్యాండిడేట్‌కి టాలెంట్ లేదు, అందుకే జాబ్ రాలే" అనేటోడికి ఏం చూపించి జవాబు చెప్పాలె అనేది నాకు ఇక్కడనే అర్థమైంది.

మొదట్లనే ఒక క్లాస్‌ల ఏం చెప్పకుండ అందరికి తలా ఒక బయోడేటా ఇచ్చిన్రు, ఇంటర్వ్యూకి పిలుస్తరా లేదా టిక్ పెట్టండి అన్నరు. డిగ్రీ ఒకటే, మార్కులు ఒకటే, ఊరు ఒకటే, పైన పేరు మాత్రం వేరే, సగం మందికి చివర్ల శర్మ అని ఉంది, సగం మందికి ఎల్లయ్య అని ఉంది, ఆ సంగతి పక్కనోడి కాయితం చూసేదాకా ఎవ్వరికి తెల్వదు. తర్వాత బోర్డు మీద రెండు గీతలు గీసి టిక్కులు లెక్కపెట్టిన్రు, ఎల్లయ్య దిక్కు తక్కువ పడ్డయి, అందరం సామాజిక న్యాయం మీద ఎస్సేలు రాసేటోళ్లమే మరి. దాని తర్వాతనే అసలు స్టడీ చెప్పిన్రు, బెర్ట్రాండ్, ములైనాథన్ అనే ఇద్దరు ఎకనామిస్టులు కలిసి అమెరికాల బోస్టన్, షికాగోల ఉద్యోగాల యాడ్స్‌కి దాదాపు 5,000 రెజ్యూమెలు పంపించిన్రు, తెల్లోళ్ల పేర్లలెక్క అనిపించేవి కొన్ని, నల్లజాతోళ్ల పేర్లలెక్క అనిపించేవి కొన్ని, 2004ల అచ్చయింది, తెల్ల పేరుకి పది రెజ్యూమెలకి ఒక కాల్ వస్తే నల్ల పేరుకి పదిహేనింటికి ఒకటి వచ్చింది. మన దగ్గర సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ ఇసొంటిదే చేసి 2007ల వేసిన్రు, ప్రైవేట్ కంపెనీల యాడ్స్‌కి ఒకటే క్వాలిఫికేషన్‌తోని అప్లికేషన్లు పంపితే దళితుల పేర్లకి తక్కువ కాల్స్, ముస్లిం పేర్లకి ఇంకా తక్కువ. హైదరాబాద్‌ల రూమ్ కోసం తిరిగినోళ్లకి ఇది కొత్తేం కాదు, ఓనర్ ముందు "మీరే కులమోళ్లు" అని అడిగినంకనే రెంట్ ఎంతో చెప్తడు, కాకపోతే అదంతా మన నోటిమాట, ఇక్కడ లెక్కతోని పట్టుకున్నరు.

నాకైతే అన్నిట్ల బెస్ట్ అనిపించింది పంచాయతీల క్లాస్. మా బ్యాచ్‌ల నల్లగొండ దిక్కు అమ్మాయి లేచి, "సార్, మా ఊర్ల లేడీ సర్పంచ్ సంతకం పెడ్తది అంతే, పనులన్నీ ఆమె భర్తనే చూస్తడు, ఇంక రిజర్వేషన్ ఎందుకు" అని సూటిగ అడిగింది. సార్ దాటేయలే. చటోపాధ్యాయ్, ఎస్తేర్ డఫ్లో చేసిన స్టడీ తీసిన్రు, బెంగాల్‌ల బీర్భూం, రాజస్థాన్‌ల ఉదయ్‌పూర్. పంచాయతీల మీద రాజ్యాంగానికి చేసిన 73వ సవరణ తర్వాత మూడోవంతు సర్పంచ్ పదవులు ఆడోళ్లకి పోయినయి గానీ ఏ ఊరు అనేది చిట్టీలు తీసినట్టు వంతుల మీద పడింది, ఆ ఊరు ముందే మంచిదా చెడ్డదా అన్నదానితోని సంబంధం లేదు, అందుకనే రిజర్వ్ అయిన ఊరిని కాని ఊరితోని పోల్చితే ఆ తేడా రిజర్వేషన్‌ది అని చెప్పొచ్చు. రాజస్థాన్‌ల ఆడోళ్లు ఎక్కువ అడిగింది తాగునీళ్లు, రోడ్లు అడిగింది ఎక్కువ మగోళ్లు, రిజర్వ్ అయిన ఊర్లల నీళ్ల మీద పని పెరిగింది, రోడ్ల మీద తగ్గింది. బెంగాల్‌ల ఆడోళ్లకి రోడ్లు కూడా కావాల్సి ఉండె, అక్కడ రెండూ పెరిగినయి. భర్తనే అంతా నడిపిస్తే ఈ తేడా ఎక్కడికెళ్లి వచ్చింది అని ఆ అమ్మాయినే తిరిగి అడిగిన్రు సార్. బీర్భూంల రెండుసార్లు మహిళా ప్రధాన్ (అక్కడ సర్పంచ్‌ని అట్లంటరు) వచ్చిన ఊర్లల ఆడపిల్లల చదువు మీద తల్లిదండ్రుల ఆశలు పెరిగినయి, ఆ ఆడపిల్లలకి ఇంటిపని టైం తగ్గింది అని ఇంకో స్టడీ కూడా చెప్పిన్రు, అది 2012ల వచ్చింది. మా చిన్నమ్మ వార్డు మెంబర్, ఆ రాత్రి ఫోన్ల ఇదంతా ఆమెకి చెప్పిన.

ఓటింగ్ క్లాస్ మాత్రం ఉరికించిన్రు. అమెరికాల 1965 ఓటు హక్కు చట్టంతోని, ఓటు నమోదుకి పెట్టే చదువు పరీక్షలు తీసేసినంక, నల్లజాతోళ్లు ఎక్కువున్న కౌంటీలకి (మన జిల్లాల లెక్క) రాష్ట్రం పైసలు ఎక్కువ వచ్చినయి, అది ఐదు నిమిషాలల అయిపోయింది. బ్రెజిల్ టాపిక్‌కి ఇంకా అన్యాయం చేసిన్రు. అక్కడ 1998ల ఎక్కువ రాష్ట్రాలల 40,500 ఓటర్లు దాటిన ఊర్లకే ఓటింగ్ మిషన్లు ఇచ్చిన్రు, పేపర్ మీద రాయరాక ఓటు చెల్లకుండ పోయే పేదోళ్ల ఓట్లు మిషన్‌తోని లెక్కలకి వచ్చినయి, తర్వాత ప్రభుత్వాలు వైద్యం మీద ఖర్చు పెంచినయి. ఎంత మంచి టాపిక్ అది! 2020 జీహెచ్ఎంసీ ఎలక్షన్ల సగం మంది కూడా ఓటెయ్యని ఊర్ల కూసొని, ఎవరు ఓటేస్తే ఎవరికి నిధులు అనేదాని మీద గంట మాట్లాడాల్సింది. అశోక్ నగర్ పిల్లల్ల ఎంతమందికి ఓటు సొంతూర్లనే ఉంటది, ఎలక్షన్ అంటే ఎంజీబీఎస్‌ల బస్సు పట్టుకొని పోతరు, దాని మీద కూడా ఒక్క మాట రాలే.

ఇప్పుడు అసలు కంప్లైంట్. క్లాస్ ఎనిమిదిన్నరకి అయితది, డౌట్స్ దాని తర్వాత తీస్కుంటరు. మా లేడీస్ హాస్టల్ గేటు తొమ్మిదికి బంద్, శానా హాస్టళ్లది ఇదే లెక్క. డౌట్స్ టైంకి అమ్మాయిలం బ్యాగులు సర్దుకొని దిగిపోతం, పైన అబ్బాయిలు సార్ చుట్టూ నిలబడి ఆన్సర్ రైటింగ్ దిద్దించుకుంటరు, ఆ దిద్దుడే ఈ కోర్సుల అన్నిటికన్న విలువైంది. ఫీజు ఇద్దరికి ఒకటే. ఆఫీసుల చెప్తే "చూస్తం మేడం" అన్నరు, మా బ్యాచ్ అయిపోయేదాక చూస్తనే ఉన్నరు. సార్‌కి నేరుగ చెప్పినంక ఆదివారం మాత్రం అరగంట ముందొచ్చి మా పేపర్లు చూసిన్రు, ఆ మంచితనం ఆయనది, టైంటేబుల్ మార్చాల్సింది మేనేజ్‌మెంట్.

నోట్స్ కూడా జర చూస్కోవాలె, పేపర్లన్నీ ఇంగ్లీష్ జిరాక్స్‌లే, తెలుగు సారాంశం చేత్తోని రాసింది ఇస్తరు, సగం పేజీలల అక్షరాలు కనపడవు. తెలుగు మీడియంల రాసేటోళ్లు క్లాస్‌లనే సొంతంగ రాసుకుంటే నయం.

ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్న, అవి నాలుగూ సార్‌కే. సొసైటీ పేపర్, ఎకానమీ పేపర్ రెండిట్లకీ పనికొస్తది, మ్యాథ్స్ అంటే భయం ఉన్నోళ్లు కూడా పోవచ్చు, ఫార్ములాలు దాదాపు రావు. అమ్మాయిలు మాత్రం పైసలు కట్టకముందే డౌట్స్ ఏ టైంకో అడగండి, ఏడున్నర లోపల పెడ్తమంటేనే కట్టండి, నలుగురైదుగురం ఇదే అడిగితే వచ్చే బ్యాచ్‌కన్నా మారుస్తరు.