పక్కటెముక సర్జరీ తర్వాత ఫిజియో: ఇంటికి పిలవడమా, క్లినిక్‌కి వెళ్ళడమా?

థొరాసిక్ ఔట్‌లెట్ సిండ్రోమ్‌కి (మెడకీ భుజానికీ మధ్య ఇరుకులో చేతి నరాలో, రక్తనాళాలో నలిగే జబ్బుకి) ఆపరేషన్ అయ్యాక డిశ్చార్జ్ కాగితంలో మందుల కింద, చివర్న, ఫిజియోథెరపీ అని ఒక్క ముక్క రాసి పంపిస్తారు. ఎక్కడ చేయించుకోవాలి, ఎవరితో అన్నది మనమే తేల్చుకోవాలి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి మూడు దారులున్నాయి: ఇంటికొచ్చి చేయించే ఫిజియో, క్లినిక్ లేదా ఆసుపత్రిలోని ఫిజియో విభాగం, ఫోన్‌లో వీడియోలు పెట్టుకుని సొంతంగా చేసుకోవడం. నాకు కుడివైపు మొదటి పక్కటెముక తీశారు. మొదటి రెండు పద్ధతులూ నేను చూశాను. మొదటి నెలా నెలన్నర ఇంటికొచ్చే మనిషి మేలు, ఆ తర్వాత క్లినిక్ మేలు. వీడియోలు మాత్రం ఈ జబ్బుకి వద్దు.

ఇది అర్థం కావాలంటే లోపల ఏం జరిగిందో కాస్త తెలియాలి. చేతికి వెళ్ళే నరాలు మెడ పక్కన ఉండే స్కేలీన్ కండరాల మధ్య నుంచి, మొదటి పక్కటెముక మీదుగా, కాలర్ బోన్ కింద నుంచి దిగుతాయి. ఆ ఇరుకులో నరాలు నలిగితే తిమ్మిర్లు, లాగుడు, పట్టు తప్పడం. ఈ జబ్బు ఉన్నవాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా ఇదే రకం. ఎముక తీసి, కండరం కోసి చోటు చేస్తారు. కానీ గాయం మానేటప్పుడు ఆ చోటులోనే మచ్చ కణజాలం పెరుగుతుంది. అది నరాలకు అంటుకుంటే పాత బాధ మళ్ళీ మొదలవ్వచ్చు. అందుకే చేతిని కదపకుండా ఉంచకూడదు, గట్టిగా లాగనూ కూడదు. ఎంతవరకు కదపాలో పక్కనుండి చెప్పే మనిషి ఉండాలి.

ఇక మన ఊళ్ళో ప్రయాణం సంగతి. ఉప్పల్ వైపు నుంచి పంజాగుట్ట రావాలంటే మెట్రోలో అమీర్‌పేటలో మారాలి. ఆ రద్దీలో ఎవరి భుజం తగిలినా ప్రాణం పోయినంత పనవుతుంది, నిలబడితే పైనున్న పిడి పట్టుకోవాలి. ఆటోలో ప్రతి స్పీడ్ బ్రేకర్ కుదుపూ మెడలోకే వస్తుంది. కారులో కుడివైపు సీటుకి బెల్టు కుడి కాలర్ బోన్ మీదుగా పోతుంది కాబట్టి, కుడివైపు ఆపరేషన్ అయినవాళ్ళు ఎడమవైపు సీట్లోనూ, ఎడమవైపు అయినవాళ్ళు కుడివైపూ కూర్చుంటే కొంత నయం. (బెల్టు మానేయమని కాదు.) ఇంత అవస్థ పడి క్లినిక్‌కి చేరేసరికి కండరాలన్నీ బిగుసుకుపోయి ఉంటాయి. ఆ రోజు వ్యాయామం సగం ఆ బిగువు వదిలించడానికే సరిపోతుంది.

ఇంటికొచ్చే ఫిజియోతో ఇంకో లాభం, వాళ్ళు మన ఇల్లు చూస్తారు. మా ఇంటికొచ్చిన అమ్మాయి వ్యాయామం మొదలుపెట్టే ముందు మంచం ఎలా ఉందో, దిండు ఎంత ఎత్తుందో చూసింది. వెల్లకిలా పడుకోమని, మోచేయి కింద చిన్న దిండు పెట్టమని చెప్పింది. వంటింట్లో పై అరలోని డబ్బాలన్నీ నడుము ఎత్తుకి దింపించింది. "జడ మీ అమ్మగారితో వేయించుకోండి మేడం, చేతులు పైకెత్తి మీరు వేసుకోవద్దు" అంది. తల మీద నుంచి తొడుక్కునే కుర్తాలు పక్కనపెట్టి ముందు బటన్లున్న నైటీలు, షర్టులు వాడమంది. దండెం మీద బట్టలు ఆరేయడం, నీళ్ళ క్యాన్ ఎత్తడం పూర్తిగా మానిపించింది. మొదట నేర్పింది చెయ్యి వ్యాయామం కూడా కాదు, పొట్టతో ఊపిరి తీసుకోవడం. ఛాతీ పైభాగంతో ఊపిరి తీసేవాళ్ళలో స్కేలీన్ కండరాలే పై పక్కటెముకల్ని లాగుతుంటాయి కాబట్టి వాటికి విశ్రాంతి అక్కడి నుంచే మొదలవ్వాలని వివరించింది. క్లినిక్ బల్ల మీద పడుకుంటే ఈ విషయాలు సగం బయటికే రావు.

అయితే ఇంటికొచ్చేవాళ్ళలో చాలామందికి మోకాలి మార్పిడి, పక్షవాతం, ఫ్రోజెన్ షోల్డర్ (భుజం బిగుసుకుపోవడం) బాగా అలవాటు. ఫ్రోజెన్ షోల్డర్‌లో నొప్పి ఉన్నా చేతిని పైకి లాగి సాగదీస్తారు. మనకి అది పనికిరాదు. వచ్చే మనిషి డిశ్చార్జ్ సమ్మరీ అడిగి చదవకపోతే, అక్కడికక్కడే ఆపేయండి. వారానికో మనిషిని మార్చి పంపే ఏజెన్సీ అయితే అసలొద్దు.

క్లినిక్ విలువ తర్వాత తెలుస్తుంది. సర్జన్ సరేనన్నాక, భుజం రెక్కను పట్టి ఉంచే కండరాలకు బలం పెంచాలి. అద్దం ముందు నిలబడి, రబ్బరు బ్యాండ్లతో, అనుభవమున్న ఫిజియో కళ్ళ ముందు చేయాల్సిన పని అది. నేను టీచర్ని, బోర్డు మీద రాయాలంటే చెయ్యి భుజం కన్నా పైకి లేవాలి. ఆ ఎత్తుకి కొంచెం కొంచెంగా తీసుకెళ్ళింది క్లినిక్కే. ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలోనే ఫిజియో విభాగం ఉంటే ఇంకా మంచిది, అనుమానం వస్తే సర్జన్‌ని అక్కడే అడగొచ్చు. కాకపోతే మెడ ట్రాక్షన్ (మెడని లాగి పట్టడం), షోల్డర్ వీల్ (చేత్తో తిప్పే చక్రం), డంబెల్స్ అని అందరికీ ఒకటే వరుస నడిపే క్లినిక్కులూ ఉన్నాయి. ఒక ఫిజియో నాలుగు బల్లల మధ్య తిరుగుతుంటే మీ భుజం ఎప్పుడు మెడ దగ్గరికి లేచిందో ఎవరూ చూడరు.

వీడియోలు ఎందుకు వద్దంటున్నానంటే, మన వీపు మనకి కనబడదు. ఈ ఆపరేషన్‌లో ఒక నరం దెబ్బతింటే భుజం రెక్క వెనక్కి పొడుచుకొస్తుంది. అది పక్కవాళ్ళు చూస్తేనే తెలుస్తుంది. ఎముకని చంక దగ్గర నుంచి తీశారా, కాలర్ బోన్ పై నుంచి తీశారా అన్నది వీడియోకి తెలియదు. చంక దారిలో తీస్తే పై చేయి లోపలివైపు మొద్దుబారడం చాలామందికి ఉంటుంది. అది తెలియక జనం హడలిపోతారు, లేదా నరాలు సాగదీసే వ్యాయామాలు పదేపదే చేసి మంట తెచ్చుకుంటారు. మీ ఫిజియో చేయించింది మీ ఫోన్‌లోనే రికార్డు చేసుకుని ఇంట్లో చూసుకోవడం వేరు, అది మంచిదే.

ఏ దారి పట్టినా తొందర పనికిరాదు. దెబ్బతిన్న నరం తిరిగి పెరిగే వేగం రోజుకు సుమారు 1 మిల్లీమీటరు. మెడ నుంచి వేళ్ళ దాకా దూరం చూసుకుంటే, చిటికెన వేలు తిమ్మిరి నెలలు గడిచినా పోలేదని టెన్షన్ పడక్కర్లేదు. ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, చెయ్యి వాచి నీలంగా మారినా మాత్రం ఫిజియోకి ఫోన్ చేస్తూ కూర్చోకండి, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళండి. సిరలో గడ్డ కట్టి ఆపరేషన్ అయినవాళ్ళు, రక్తం పలుచబడే మందులు వాడుతున్న సంగతి ఫిజియోకి ముందే చెప్పాలి.

ఖర్చు చూస్తే ఇంటికి పిలవడమే ఎక్కువ. చాలా హెల్త్ పాలసీలు డిశ్చార్జ్ తర్వాత 60 లేదా 90 రోజుల ఖర్చు ఇస్తాయి, ఫిజియో అందులో వస్తుందో లేదో ముందే అడిగి, సర్జన్ చీటీ, ప్రతి సిట్టింగ్ బిల్లు దాచుకోండి. ఎవరినైనా మాట్లాడుకునే ముందు ఫోన్‌లోనే మూడు అడగండి: మొదటి పక్కటెముక తీసిన పేషెంటుకి ఇదివరకు చేశారా, మా సర్జన్‌తో మాట్లాడతారా, మొదటి నెలలో బరువులు, ట్రాక్షన్ పెడతారా. మూడోదానికి అవునంటే ఇంకొకరిని వెతుక్కోండి.