డొమైన్ పేర్లను స్థిర ధరకు, వాయిదాల మీద అమ్మే పద్ధతి: ఏళ్ల వాడకం తరువాత నా సమీక్ష

బరంపురంలో ఉంటూ ఇక్కడి వ్యాపారులకూ, ఇచ్ఛాపురం, పలాస, పర్లాకిమిడి, రాయగడ వైపు వారికీ డొమైన్ పేర్లు (వెబ్‌సైటు చిరునామాలు) అమ్ముతున్న నేను, ధర విషయంలో రెండు పద్ధతులనూ చాలాకాలం వాడి చూశాను. అమ్మకపు పేజీలో ధర వేయకుండా ‘మీ ధర తెలపండి’ అని వదిలివేయడం మొదటిది. ధరను అందరికీ కనిపించేలా వేసి, దాని కిందే నెలవారీ వాయిదాల సదుపాయం చూపడం రెండవది. డొమైన్ పేర్లు నమోదు చేసే గోడాడీ సంస్థకు చెందిన ఆఫ్టర్నిక్ వంటి అమ్మకపు వేదికల మీద రెండింటికీ వీలుంది. మా ప్రాంతపు వ్యాపారులతో వ్యవహరించే వారికి రెండవ పద్ధతే మేలని నా గట్టి అభిప్రాయం.

ధర లేని పేజీ చూసిన వ్యాపారికి మొదట కలిగే అనుమానం, తన స్థోమత చూసి ధర చెబుతారేమోనని. ఆ అనుమానంతో అతడు తన కొడుకునో, దుకాణంలో కంప్యూటరు చూసే కుర్రవాడినో అడిగి, డాట్ కామ్ పేరు కొత్తగా నమోదు చేసుకుంటే ఏడాదికి వెయ్యి రూపాయల చిల్లర అవుతుందని తెలుసుకుంటాడు. ఆ వెయ్యికి మరికొంత కలిపి రెండువేలో మూడువేలో చెబుతాడు. అక్కడి నుంచి బేరమంతా నమోదు రుసుము చుట్టూనే తిరుగుతుంది కానీ, ఆ పేరు అతని సరుకుకు ఎంత పనికివస్తుందన్న మాట మళ్లీ ఎత్తడానికి సందు దొరకదు. ధర ముందే వేసి ఉంటే బేరం కనీసం ఆ అంకె దగ్గర మొదలవుతుంది.

అయితే ధర వేసినంత మాత్రాన బేరం ఆగదు, ఆగాలని కోరుకోవడమూ సరికాదు. పచ్చళ్లు, అప్పడాలు టోకున అమ్మే ఒక షావుకారుగారితో జరిగిన బేరాన్ని ఇక్కడ చెప్పడం అవసరం. పేజీలో ధర అరవైవేలు. ఆయన క్యాలిక్యులేటరు మీద ఇరవైవేలు కొట్టి, నోట మాట లేకుండా దాన్ని నా వైపు తిప్పారు. నేను ఆ అంకె చెరిపి, అరవైవేలను పన్నెండుతో భాగించి, అయిదువేలు చూపి తిరిగి ఆయన ముందు పెట్టాను. ఆయన కాసేపు చూసి, “లెక్క బాగానే ఉంది గానీ బాబూ, మధ్యలో మానేస్తే నేను కట్టిన సొమ్ము ఏమైపోతుంది?” అని అడిగారు. “అది వెనక్కి రాదండి షావుకారుగారూ, పేరు కూడా నాకే ఉండిపోతుంది, ఆ మాట కాగితం మీద ముందే రాసుకుందాం,” అని చెప్పాను. ఆ తరువాత ఆయన ధర మాట ఎత్తలేదు. వేసవిలో మామిడికాయల కొనుగోలుకే డబ్బంతా పోతుంది కనుక మొదటి వాయిదా జూలైలో మొదలుపెట్టమన్నారు, నేను సరేనన్నాను. బేరం ధర మీద నుంచి తేదీ మీదకు జరిగింది. అరువు, గడువు అనేవి ఆయన రోజూ నడిపే లెక్కలే కనుక అక్కడ ఆయన గట్టిగా బేరమాడారు, తాను కోరినది సాధించుకున్నారు. నా ధర ఒక్క రూపాయి తగ్గలేదు. ఈ పద్ధతిలో నాకు నచ్చిన గుణం ఇదే: ఎదుటివారు గెలుచుకోవడానికి ధర కాక మరొకటి ఉంటుంది.

ఇక లోపాల మాట. వేదికలు ఇచ్చే వాయిదాలు నెలకొకసారి కట్టవలసినవి, మా వైపు వ్యాపారాలలో చాలావాటికి సొమ్ము వచ్చేది మాత్రం రుతువును బట్టి. గంజాం తీరంలో మొగలిపూలు ఎక్కువగా దొరికేది వానాకాలంలోనే కనుక, అత్తరు భట్టీ నడిపే వారికి ఆ నాలుగు నెలలు చేతిలో డబ్బు ఆడుతుంది, తక్కిన కాలంలో కటకట. అలాంటి వారికి వేదికను పక్కనపెట్టి, ఏడాదికి రెండు పెద్ద వాయిదాలుగా నేరుగా ఒప్పందం రాసుకుంటాను. సొమ్మును తన దగ్గర ఉంచుకుని, పేరు చేతులు మారాక అమ్మినవారికి ఇచ్చే ఎస్క్రో డాట్ కామ్ వంటి మధ్యవర్తిత్వ సంస్థ డాలర్ల బేరాలకు భేషుగ్గా పనికివస్తుంది కానీ రూపాయలలో సొమ్ము తీసుకోదు. అందువల్ల స్థానిక బేరాలలో సొమ్ము బ్యాంకు ద్వారానే తీసుకుంటాను. చివరి వాయిదా వరకు పేరు నా ఖాతాలోనే ఉంటుంది, ఆ పేరు ఏ వెబ్‌సైటుకు దారితీయాలో చెప్పే నేమ్‌సర్వర్లు మాత్రం మొదటి రోజునే వారి వెబ్‌సైటుకు తిప్పుతాను. మధ్యలో వచ్చే వార్షిక పునరుద్ధరణ రుసుము ఎవరు కట్టాలో కాగితంలో తప్పక ఉండాలి. చిన్న మొత్తమే అయినా తగాదాలు అక్కడే పుడతాయి.

కొన్ని వేదికలు అమ్మేవారి తరఫున బేరమాడే బ్రోకరును కూడా ఇస్తాయి. ఈ సేవను నేను సిఫారసు చేయలేను. అమ్మకం పూర్తయితేనే కమిషను వస్తుంది కనుక, ఆ బ్రోకరు ఎదుటివారిని ఒప్పించడం కంటే నన్ను తగ్గించడం మీదే శ్రద్ధ చూపుతాడు. ఒక వేదిక బ్రోకరు, నేను తనకు మాత్రమే చెప్పుకున్న కనీస ధరను మొదటి ఉత్తరంలోనే కొనేవారికి చెప్పేశాడు. ఆ రోజు నుంచి కనీస ధరను ఎవరికీ చెప్పడం లేదు.

ధరను బహిరంగంగా వేయడానికి మరో బలమైన కారణం ఉంది. డొమైన్ పేర్ల వ్యవస్థను చూసే అంతర్జాతీయ సంస్థ ఐకాన్ 1999లో అమలులోకి తెచ్చిన వివాద పరిష్కార విధానం ప్రకారం, ట్రేడ్‌మార్కు యజమానికో అతని పోటీదారుకో ఖర్చుకు మించిన సొమ్ముకు అమ్మాలనే ప్రధాన ఉద్దేశంతో పేరు నమోదు చేయడం దురుద్దేశానికి సాక్ష్యం. డాట్ ఇన్ పేర్లకు వర్తించే విధానంలోనూ ఇలాంటి నిబంధన ఉంది. 2004లో సత్యం ఇన్ఫోవే కేసులో సుప్రీంకోర్టు డొమైన్ పేరుకు ట్రేడ్‌మార్కు లక్షణాలు ఉన్నాయని స్పష్టం చేసింది. అందుకే సరుకుల సాధారణ నామాలతో కూర్చిన పేర్లు మాత్రమే కొంటాను. భౌగోళిక గుర్తింపు పొందిన బరంపురం పట్టు, గంజాం కేవ్డా రూహ్ (మొగలిపూల నూనె) వంటి వాటి జోలికి పోను. అడిగినది ఎవరో చూసి ధర పెంచలేదని చూపడానికి, ముందునుంచీ పేజీలో ఉన్న అంకె నా దగ్గరున్న మంచి ఆధారం. మరొకరి దుకాణం పేరును పట్టుకుని కూర్చుని వారి దగ్గరే సొమ్ము రాబట్టడాన్ని నేను వ్యాపారమని అనను.

పేరు చేతులు మారే సమయంలో ఒక జాగ్రత్త. డాట్ కామ్ పేరును కొత్తగా నమోదు చేసినా, రిజిస్ట్రారును (పేర్లు నమోదు చేసే సంస్థను) మార్చినా, సాధారణంగా 60 రోజుల వరకు మరో రిజిస్ట్రారుకు మార్చడం కుదరదు. కొనేవారి చేత అదే రిజిస్ట్రారు వద్ద ఖాతా తెరిపిస్తే, ఖాతా నుంచి ఖాతాకు మార్పిడి వారి ఎదుటే పూర్తిచేయవచ్చు. వెబ్‌సైటు పనులు తెలియని పెద్దవారికి ఇది ఎంతో నమ్మకం కలిగిస్తుంది.

పదివేల లోపు పేర్లకు వాయిదాలు ఇవ్వను, కాగితం రాసే శ్రమకే ఆ సొమ్ము సరిపోదు. పెద్ద సంస్థల తరఫున ఏజెంట్లు అడిగినప్పుడు వాయిదాలతో పనిలేదు. వారికి పేజీలోని ధరనే రాసి, అది ఎన్ని రోజులు చెల్లుతుందో తేదీతో సహా చెబుతాను. గడువు దాటాక వచ్చిన వారికి కూడా పేజీలో ఆనాడున్న ధరకే ఇస్తాను.