ఐ5-6500టీ, ఐ3-7100టీ: పాత మినీ పీసీకి ఏది మేలు?

శ్రీకాకుళం, విజయనగరం వైపు సెకండ్ హ్యాండ్ మినీ పీసీ కొనాలనుకునే వాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. డెల్ ఆప్టిప్లెక్స్ 3050 మైక్రో లాంటి చిన్న డబ్బాల్లో ఈ రెండు ఇంటెల్ ప్రాసెసర్లూ వచ్చాయి. బయటి నుంచి చూస్తే ఒకటే మోడల్, లోపల మాత్రం తేడా. "ఇది ఐ5 బాబూ, అది ఐ3. ఇంకా ఆలోచనెందుకు?" అని ఒకరంటారు. "ఐ5ది ఆరో జనరేషన్, ఐ3ది ఏడోది" అని ఇంకొకరంటారు. రెండు మాటలూ నిజమే. కానీ ఆ మాటలు పట్టుకుని డబ్బు ఖర్చు పెట్టకూడదు.

ఐ5-6500టీ 2015లో వచ్చిన స్కైలేక్ రకం. నాలుగు కోర్లు (లెక్కలు చేసే విభాగాలు), 2.5 గిగాహెర్ట్జ్ వేగం, అవసరమైతే టర్బోలో, అంటే కాసేపు వేగం పెంచుకుని, 3.1 దాకా వెళ్తుంది. ఐ3-7100టీ 2017 నాటి కేబీ లేక్. దీనికి రెండే కోర్లు, టర్బో లేదు, కానీ ఎప్పుడైనా 3.4 అందుకోగలదు. క్యాష్ (ప్రాసెసర్ లోపలి చిన్న మెమరీ) మొదటిదానికి 6 ఎంబీ, రెండోదానికి 3 ఎంబీ. రెండూ 35 వాట్ల రకాలే. చివరి 'టీ' అక్షరం చెప్పేది అదే. మామూలు ఐ5-6500 అయితే 65 వాట్లు.

అడ్మిషన్ల సీజన్లో జిరాక్స్ షాపు పని ఎలా ఉంటుందో చూడండి. బ్రౌజర్లో అప్లికేషన్ ఫారం తెరిచి ఉంటుంది, పక్క ట్యాబుల్లో వాట్సాప్ వెబ్, మెయిలు. ఫొటోషాప్‌లో పాస్‌పోర్ట్ ఫొటో సైజు తగ్గిస్తుంటారు. స్కానర్ నుంచి మార్కుల లిస్టు వస్తుంటుంది. సరిగ్గా అప్పుడే వెనకాల యాంటీవైరస్ తన పని మొదలుపెడుతుంది. ఎదురుగా నలుగురు తొందరపెడుతుంటారు. ఇక్కడ నాలుగు కోర్ల విలువ తెలుస్తుంది.

ఐ3లో హైపర్ థ్రెడింగ్ (ఒక్కో కోరును రెండుగా చూపించే ఏర్పాటు) ఉంది కాబట్టి విండోస్‌కి నాలుగు ప్రాసెసర్లు ఉన్నట్టే కనబడుతుంది. కానీ అది ఒకే వంటమనిషి రెండు పొయ్యిల దగ్గర వండినట్టు. ఒక పొయ్యి మీద నీళ్లు మరిగేలోపు రెండోదాని సంగతి చూసుకోగలడు, రెండింటి దగ్గరా ఒకేసారి కలబెట్టాలంటే మాత్రం చేతులు చాలవు. అందుకే షాపుకైతే నేను ఐ5-6500టీనే తీసుకోమంటాను, ఇందులో నాకు సందేహం లేదు.

ఒక్క ట్యాలీ ఎంట్రీలో, లేదా ఒకే ఎక్సెల్ షీటులో ఐ3 కాస్త చురుగ్గా ఉంటుంది. ఒక్కో కోరు లెక్కన చూస్తే రెండు తరాల పనితీరూ దాదాపు ఒకటే, అందువల్ల 3.1కి, 3.4కి ఉన్న తేడానే తేడా. పదిశాతం లోపు. కంటికి పెద్దగా ఆనదు.

ఇంట్లో పిల్లలు క్లాసులు చూడటానికైతే లెక్క మారుతుంది. యూట్యూబ్ చాలా వీడియోలను వీపీ9 అనే పద్ధతిలో కుదించి పంపుతుంది. దాన్ని పూర్తిగా హార్డ్‌వేర్‌లోనే విప్పే భాగం ఇంటెల్ డెస్క్‌టాప్‌లలో కేబీ లేక్‌తోనే వచ్చింది. అంటే ఐ3 ఆ పనిని గ్రాఫిక్స్ భాగానికి అప్పగించి కోర్లను ఖాళీగా ఉంచుతుంది. 6500టీలో కోర్ల మీద భారం పడుతుంది. 1080పీ క్లాసు దాని మీదా ఆగకుండానే నడుస్తుంది, కాకపోతే డబ్బా వేడెక్కుతుంది, ఫ్యాన్ చప్పుడు పెరుగుతుంది. 4కే పెడితే తేడా బాగా తెలుస్తుంది. మీరే చూసుకోవచ్చు: వీడియో మీద రైట్ క్లిక్ చేసి 'స్టాట్స్ ఫర్ నెర్డ్స్' నొక్కితే కోడెక్ (కుదింపు పద్ధతి) దగ్గర వీపీ09 అని కనిపిస్తుంది, ఐ3లో అయితే టాస్క్ మేనేజర్‌లో జీపీయూ (గ్రాఫిక్స్ భాగం) కింద 'వీడియో డీకోడ్' గీత లేస్తుంది. కోడెక్ ఏవీ01 (ఇంకా కొత్త పద్ధతి) అని ఉంటే మాత్రం రెండింటికీ హార్డ్‌వేర్ సాయం లేదు.

కరెంటు విషయంలో ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అనడానికి లేదు. ప్రాసెసర్ రోజుకు 8 గంటలు 35 వాట్ల చొప్పున లాగినా నెలకు 8.4 యూనిట్లే, మామూలు వాడకంలో అంత కూడా లాగదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత పలాస, ఉద్దానం వైపు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి చోట ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లకు 35 వాట్ల రకం కొనడమే పెద్ద మేలు, ఏది కొన్నా.

ఇక విండోస్ సంగతి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ 11 అధికారిక జాబితాలో ఈ రెండూ లేవు. బ్రౌజింగ్, క్లాసులకు విండోస్ బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టం లినక్స్ మింట్ చక్కగా సరిపోతుంది. ట్యాలీ, ఫొటోషాప్ మీదే బతికే షాపుకు అది కుదరదు. ఇంకొంచెం డబ్బు పెట్టగలిగితే 2018 నాటి ఐ3-8100టీ ఉన్న డబ్బా వెతకండి. దానికి నాలుగు కోర్లు ఉన్నాయి, వీపీ9 వస్తుంది, విండోస్ 11 ఒప్పుకుంటుంది, అదీ 35 వాట్లే. అయితే ఆ ప్రాసెసర్ ఒక్కటీ తెచ్చి 3050 బోర్డులో పెడితే పనిచేయదు, డబ్బాయే మారాలి.

డబ్బు ఇచ్చే ముందు టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ తెరిచి 'కోర్స్' అన్న చోటు చూడండి, 'లాజికల్ ప్రాసెసర్స్' కాదు. రెండింటికీ లాజికల్ నాలుగే చూపిస్తుంది, అందుకే ఐ3ని కూడా క్వాడ్ కోర్ అని చెప్పే అవకాశం ఉంది. ర్యామ్ 8 జీబీకి తగ్గకుండా, ఎస్ఎస్‌డీ ఉండేలా చూసుకోండి. ఇంట్లో పాత మానిటర్ వాడేటట్టయితే డబ్బాకి వీజీఏ పోర్టు ఉందో లేదో కూడా అక్కడే తేల్చుకోండి.